నేలకు తెలియని అడుగు

మాస్టారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను ఒంటికాలి మీద నిలబడి ఉన్నాను. చీరాలలో మా బడి హాల్లో ఇంటర్ చదివే అమ్మాయికి కుమ్‌గాంగ్ చూపిస్తున్నాను. టైక్వాండోలో మొదటి బ్లాక్ బెల్టు వచ్చాక రెండోదాని కోసం నేర్చుకునే ప్యాటర్న్ అది. కంటికి కనపడని శత్రువుతో తలపడుతూ, ఎక్కడ మొదలుపెట్టామో చివరికి అక్కడికే వచ్చి ఆగాలి. బెంచీ మీద ఫోన్ మోగితే ఆ అమ్మాయే తీసింది. "మేడమ్, గుంటూరు మాస్టారు..." అని ఆగిపోయింది. నేను కాలు దించాను. చప్పుడు కాలేదు. చప్పుడు కాకుండా కాలు దించడం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఆ ప్యాటర్న్ మధ్యలో ఒకచోట మోకాలు పైకెత్తి, గిర్రున తిరిగి, రెండు చేతులూ కొండ ఆకారంలో లేపి, అరుస్తూ కాలిని నేలకేసి కొట్టాలి. పుస్తకాలన్నీ అదే చెబుతాయి. మా మాస్టారి శిష్యులం మాత్రం ఆ కాలిని పిల్లిలా దించుతాం, నోరు మెదపం. "కాలు నేలకి తగలాలి గానీ నేలకి తెలియకూడదు" అనేవారాయన.

ఆయన మిర్చి యార్డులో కాటా గుమాస్తా. కుర్రతనంలో ఆదివారం ఆదివారం పాసింజరు బండెక్కి బెజవాడ వెళ్లి ఈ విద్య నేర్చుకున్నారట. వేళ్లతో కళ్లు తుడుచుకోగా నేనెప్పుడూ చూడలేదు, చొక్కా భుజానికి రుద్దుకునేవారు. మిరపకాయ సీజన్లో మమ్మల్ని చేత్తో ముట్టుకునేవారు కాదు. మా మోచెయ్యి వంకర పోతే తన మోచేత్తో నెట్టి సరిచేసేవారు. నేను జన్మలో కాటా పట్టింది లేదు, అయినా ఈరోజుకీ పిల్లల మోచేతుల్ని నా మోచేత్తోనే నెడతాను.

నాకు ప్రశ్నలు ఎక్కువ. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"మాస్టారూ, పుస్తకంలో గట్టిగా కొట్టాలని ఉందండీ."

"పుస్తకానికేమమ్మా, కాగితం మీద ఎంత గట్టిగానైనా కొట్టొచ్చు" అని నవ్వారు. అంతకు మించి చెప్పలేదు.

నాకు చీరాల బడిలో ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళ్లినప్పుడు చెప్పింది కూడా ఒక్క ముక్కే. "ముందు నేల చూసుకోమ్మా. ఆ తర్వాతే నేర్పు." రాళ్లూ రప్పలూ చూసుకోమన్నారనుకుని నేను రెండు చీపుళ్లు, ఒక ఫినాయిల్ సీసా కొన్నాను.

ఇక పిల్లలు "ఎందుకు మేడమ్?" అని అడిగినప్పుడల్లా నేను అల్లిన వేదాంతం అంతా ఇంతా కాదు. భూదేవి మీద గౌరవం అన్నాను. బలం ఉన్నవాడు చప్పుడు చెయ్యడన్నాను. అది నమ్మి, అంతకుముందు బెజవాడలో జరిగిన పరీక్షలో ఈ అమ్మాయి కాలిని మెత్తగా దించింది. అడుగులో పట్టు లేదని ఫెయిల్ చేశారు. తిరుగు బస్సులో తెనాలి దాకా ఏడుస్తూనే ఉంది. "వాళ్లకేం తెలుసు?" అన్నాను పొగరుగా. మాస్టారు పోయిన మరుసటి నెలలోనే మళ్లీ పరీక్ష ఉంది. ఈసారీ తప్పితే ఇక మానిపిస్తామని ఇంట్లో చెప్పేశారట.

నేను గుంటూరు చేరేసరికి మగవాళ్లు మాస్టారిని ఖబరస్తాన్‌కి తీసుకెళ్లారు. ఆయన భార్య పక్కన కూర్చున్నాను. కాసేపటికి అందరూ తిరిగొచ్చారు. వాళ్లలో ఒక పెద్దాయన, యార్డులో హమాలీల ముఠాకి మేస్త్రీ, "నేనే ఆయన మొట్టమొదటి శిష్యుణ్ణమ్మా" అన్నాడు. మనసులో ఉన్నది ఆయన్నే అడిగేశాను. ఆ మెత్తటి అడుగులో రహస్యం ఏమిటని.

ఆ ఇంట్లో, ఆ సమయంలో, ఆయనకి నవ్వాగలేదు.

"రహస్యమా! ఘాటమ్మా, మిరపకాయ ఘాటు! మేం నేర్చుకుంది మిర్చి గోడౌన్లో కదా. టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, ఎత్తేశాక నేలంతా గింజలూ పొడే. ఓరోజు నేనే దబ్బున కొట్టా. లేచింది చూడు! పన్నెండుమందికీ ఒకటే దగ్గులు, తుమ్ములు, కళ్లు కనపడవు. పక్క కొట్టోళ్లు గోడౌన్ తగలబడిందనుకుని పరిగెత్తుకొచ్చారు. రేపట్నుంచి ఇటు రావద్దన్నాడు ఓనరు. 'ఇక దుమ్ము లేవదండీ, నాదీ మాట' అన్నారు మాస్టారు. లేవలేదమ్మా! తొమ్మిదేళ్లు అక్కడే నేర్చుకున్నాం, మళ్లీ లేవలేదు."

నాకు సిగ్గేసింది. నా భూదేవి, నా వేదాంతం ఆ ఘాటులో కొట్టుకుపోయాయి. అయినా ఒక ప్రశ్న మిగిలింది. మాకు నేర్పింది గోడౌన్లో కాదు, ఊళ్లో ఒక డాబా మీద. అక్కడ మిరపగింజ కూడా లేదు. మరి అక్కడెందుకు?

దానికి మాస్టారి భార్య జవాబు చెప్పింది. "డాబా మీదికి మారిన కొత్తలో గట్టిగా కొడదామని చూశారమ్మా. కాలు వినలేదంట. ఎంత కోపంగా లేపినా మెత్తగానే దిగిందంట. ఇంటికొచ్చి నాతో చెప్పి ఒకటే నవ్వు. 'నాది ఇంతేలే. పిల్లలన్నా వాళ్ల నేల చూసుకుని నేర్పుకుంటారు' అన్నారు."

రెండు చీపుళ్లు, ఫినాయిల్ సీసా గుర్తొచ్చాయి. ఏడుపు కూడా అప్పుడే వచ్చింది.

మర్నాడు ఆ అమ్మాయికి అంతా చెప్పాను. నావల్లే నువ్వు పరీక్ష తప్పావు అని కూడా చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. తను కొంచెంసేపు మా హాలు నేలకేసి చూసింది. నున్నటి నాపరాళ్లు. "ఇక్కడ కొట్టొచ్చు కదా మేడమ్?" అంది. మోకాలు ఎత్తి, తిరిగి, హాలు అదిరేలా అరుస్తూ కొట్టింది. వెంటిలేటర్లో కాపురముండే పావురాలు టపటపా లేచి బయటికి పోయాయి.

పోయిన ఆదివారం పరీక్ష పాసైంది. సోమవారం స్వీట్ల డబ్బాతో వచ్చి, నేను నోట్లో వేసుకున్న ముక్క ఇంకా మింగకముందే, "ఇప్పుడొకసారి గుంటూరుది చేద్దామా మేడమ్?" అని అడిగింది.

పక్కపక్కన నిలబడి మొదలుపెట్టాం. ఆ చోటు వచ్చింది. ఇద్దరం మోకాళ్లు ఎత్తాం, తిరిగాం, చేతులు కొండలా లేపాం, నోరు మూసుకుని కాళ్లు దించాం. వెంటిలేటర్లో ఒక పావురం మెడ వంచి మాకేసి చూసింది. రెక్క మాత్రం విప్పలేదు.