సి అని రాసిన సారు

మా కంప్యూటర్ సారు పోయారన్న కబురు నాకు ఫోన్‌లో మెసేజ్‌గా వచ్చింది. మేడ్చల్ రోడ్డు మీది కాలేజీలో నాతోపాటు డిప్లొమా చదివిన స్నేహితురాలు పంపింది. నమ్మలేక ఫోన్ చేశాను. "నిజమేనే. గుండె ఆగిందట. ఇగ మనల్ని తిట్టెటోడు లేడు" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వినందుకు నాకేం సిగ్గు లేదు. తన కోసం ఎవరైనా ఏడిస్తే ముందు విసుక్కునేది ఆయనే.

కాలేజీలో సంతాపసభ పెట్టారు. మౌస్ ఏ చేత్తో పట్టుకోవాలో తెలియని మా చైర్మన్‌గారు మైకు పుచ్చుకుని "మృదుస్వభావి, అజాతశత్రువు" అన్నారు. అజాతశత్రువట! స్టాఫ్‌రూమ్‌లో ఆయనతో మాట్లాడే మనిషి ఒక్కరుంటే చూపించమనండి. అబద్ధం చెప్పడానికైనా ఆ మనిషితో కాస్త పరిచయం ఉండాలి. అందుకే నాకు తెలిసిన సారు గురించి నేను రాస్తున్నాను. పోయినంత మాత్రాన ఆయన్ని మంచివాణ్ణి చేసే ఉద్దేశం నాకు లేదు.

ఆయనది గోదావరి వైపు. పేట్ బషీరాబాద్‌లో కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని స్కూటర్ మీద వచ్చేవారు. జేబురుమాలుతో స్కూటర్ సీటు తుడిచి, అదే రుమాలుతో ల్యాబ్‌లో కీబోర్డు తుడిచి, మేం మురికివాళ్లమని తిట్టేవారు. మేమంతా షామీర్‌పేట, తూంకుంట చుట్టుపక్కల పిల్లలం, తెలుగు మీడియం. "మీ ఇంగ్లీషు చదివితే నాకు జ్వరం వస్తుంది. మీ తెలుగు వింటే అది తగ్గదు" అనేవారు. మా ప్రోగ్రాం సరిగా నడిస్తే ఆయన నోట వచ్చే గొప్ప మెచ్చుకోలు "పర్వాలేదు, ఇంకా చావలేదు."

ఆయన చేసిన మంచి పని ఒకటుంది, నోట్సు సర్వర్. ల్యాబ్ మూలన ఒక పాత కంప్యూటర్ మీద పెట్టారు. ల్యాబ్‌లో ఎక్కడ కూర్చున్నా దాన్ని తెరిచి పాఠాలు రాసుకోవచ్చు, ఒకరు రాసింది మరొకరు చదువుకోవచ్చు. చైర్మన్‌గారు "ఇంటర్నెట్‌లో ఫ్రీగా ఇస్తున్నారు కదండీ" అంటే, "ఫ్రీగా ఇచ్చినవాడు రేపు ఫ్రీగానే తీసేస్తాడు" అని లేచిపోయారు.

ఆ సర్వర్‌కు కావాల్సిన సంగతులన్నీ ఒక చిన్న ఫైల్‌లో ఉండేవి. ఎడమ పక్క పేరు, మధ్యలో ఈక్వల్ టు గుర్తు, కుడి పక్క విలువ. నోట్సు ఏ ఫోల్డర్‌లో ఉండాలి, ఎవరెవరు రాయొచ్చు, ఇలాంటివి. సర్వర్ లేచేటప్పుడు అవన్నీ చదువుకుని లేస్తుంది. వాటిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారని చెప్పి, "ఇవి ప్రోగ్రాం లోపల రాసేవాడు తాళంచెవిని తలుపుకే మేకు కొట్టి ఊరెళ్లేవాడు" అనేవారు.

మమ్మల్ని తెలుగులోనే రాసుకోమన్నారు. ప్రేమతో కాదు, మా ఇంగ్లీషు చదివే బాధ తప్పించుకోవడానికి. నేను మాత్రం ప్రాణం పెట్టి రాశాను. మా నాయిన జీడిమెట్లలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేవాడు. అప్పటికే ఒకసారి పరీక్ష తప్పాను. "ఈసారి గూడ పోతే ఇగ చదువు బంద్. నాతోని ప్యాకింగుకు రా" అని తేల్చి చెప్పాడు. క్లాసులో విన్నదంతా నా మాటల్లో ఆ సర్వర్‌లోకి ఎక్కించాను. కాగితం మీద ఒక్క ముక్క ఉంచుకోలేదు.

పరీక్షలు దగ్గర పడుతుండగా కాలేజీ కొత్త కంప్యూటర్ కొంది. సారు సర్వర్‌ను దానిలోకి మారుస్తూ సెట్టింగుల ఫైల్ మా కళ్లముందే కొత్తగా రాశారు. ల్యాంగ్ అన్న పేరు పక్కన సి అని కొట్టారు. నేను ఊరుకోలేక, "సార్, ల్యాంగ్ అంటే మనం రాసే భాష గాదా?" అన్నాను.

"కంప్యూటర్‌కి భాషంటే సి. పదేళ్లుగా ఆ ప్రోగ్రామింగే చెబుతున్నాను. నీ తెలుగు మీడియం బుర్రకి భాషంటే అ ఆలే" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ రోజు ఆయనంటే నాకు అసహ్యం వేసింది. ఇప్పటికీ తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

తెల్లారి నోట్సు తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. పేజీల నిండా ప్రశ్నార్థకాలు. ఆ ల్యాంగ్‌కూ సి ప్రోగ్రామింగ్‌కూ సంబంధమే లేదు. అక్కడ సి అంటే ఒట్టి ఇంగ్లీషు అక్షరాలు చాలని చెప్పడం. నోట్సును కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటూ, తెలుగు కనిపించిన ప్రతిచోటా సర్వర్ ప్రశ్నార్థకం పెట్టి దాన్నే దాచుకుంది. పాత కంప్యూటర్‌లో ఉన్నదంతా అప్పటికే చెరిపేసి దాన్ని ఆఫీసుకు ఇచ్చేశారు. నా చదువు అందులోనే పోయింది. ల్యాబ్‌లోనే కూర్చుని ఏడ్చాను.

మరో లెక్చరరైతే వైరస్ అనేవాడు, కరెంటు మీదికి తోసేవాడు. మా కాలేజీలో అలాంటి ఘనులకు కొదవ లేదు. సారు క్లాసుకు వచ్చి బోర్డు మీద ల్యాంగ్ ఈక్వల్ టు సి అని పెద్దగా రాశారు. "ఇది రాసిన వెధవని నేనే. అడిగిన పిల్లని వెక్కిరించిన వెధవనీ నేనే" అన్నారు. మమ్మల్ని తిట్టే గొంతుతోనే, అంతే ఏవగింపుతో. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఫైల్‌లో సి తీసేసి, సర్వర్‌కు తెలుగు అని చెప్పి మళ్లీ లేపారు. తర్వాత నన్ను కుర్చీ లాక్కోమని, "గుర్తున్నది చెప్పు. గుర్తులేనిది మళ్లీ పాఠం చెబుతాను" అన్నారు. నేను కీబోర్డు వైపు చెయ్యి చాపితే కసిరారు. "పోగొట్టింది నేను. కొట్టేదీ నేనే."

ఆయనకు తెలుగు టైపింగ్ రాదు. రెండు వేళ్లతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, మా భాషను తిట్టుకుంటూ పరీక్షల ముందు సెలవులన్నీ కూర్చున్నారు.

"పంపినది అందకపోతే గట్లనే మర్లొస్తది" అని చెప్పాను.

"మర్లడమేంటమ్మా?"

"వాపస్ వచ్చుడు సార్."

"తిరిగి రావడం అని ఏడవచ్చుగా!" అన్నారు. కొట్టింది మాత్రం 'గట్లనే మర్లొస్తది' అనే. ఒక్క మాట తన గోదావరి తెలుగులోకి మార్చలేదు. నేను ఓపలేక "మీకు నచ్చినట్టు రాయుండ్రి సార్" అన్నాను. "పరీక్ష రాసేది నువ్వా, నేనా?" అని మళ్లీ తిట్టారు.

ఆ పరీక్ష పాసయ్యాను. ప్యాకింగుకు వెళ్లలేదు. ఆయనకు థ్యాంక్స్ చెబితే "నీ మార్కులు చూశాను, సంబరపడకు" అన్నారు. నా కృతజ్ఞతను కూడా సరిగా తీసుకోవడం చేతకాని మనిషి. అయినా ఉంది, ఇక్కడ చెప్పుకుంటున్నాను.

నోట్సు పూర్తయిన రోజు ఆయన ఆ ఫైల్‌లో ఇంకో మార్పు చేశారు. ఎవరెవరు రాయొచ్చో చెప్పే వరసలో మా పేర్లన్నీ ఉంచి తన పేరు తీసేశారు. "సి అని రాసిన చెయ్యి ఇది. బయటే ఉండనీ" అన్నారు. ఫైల్ ఆయన చేతిలోదే. కావాలనుకున్న క్షణంలో మళ్లీ చేర్చుకోవచ్చు. మేం కాలేజీ వదిలేదాకా చేర్చుకోలేదు.

పేజీలో ఎక్కడైనా తప్పు కనిపిస్తే మా దగ్గరికి రావాల్సి వచ్చేది. వచ్చేవారు. "ఏమ్మా, రెండో పేరాలో ఒక దీర్ఘం పోయింది. దిద్దుతావా?" అని అడిగేవారు. నేను పాస్‌వర్డ్ కొడుతుంటే చటుక్కున గోడవైపు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. కాసేపటికి, ఇంకా గోడనే చూస్తూ, "అయిందా అమ్మా? తిరగనా?" అనేవారు.