కందిచేను పాట

ఇంటి ముందు నుంచి పెళ్లి ఊరేగింపు పోతుంటే మా అలమరలో స్టీలు గ్లాసులు వణుకుతాయి. నిన్న మధ్యాహ్నమూ వణికాయి. పెళ్లిళ్ల కాలంలో నారాయణఖేడ్‌లో డీజే బాక్సులన్నిటిదీ ఒకటే దరువు. ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలైందో లేదో ఎగిరేవాళ్లకే తెలియాలి. కానీ "కందిచేన్ల పిల్ల" అని వినబడగానే నా చేతిలో చాట ఆగిపోయింది. ఆ పిల్లను నేనే.

ఆ పాట కట్టింది సుగుణమ్మ. కంగ్టి దగ్గర మా పుట్టింటికి పక్కిల్లు ఆమెది, నాకు వరసకు పెద్దమ్మ. పొద్దంతా పత్తి ఏరేది, ఆదివారం చర్చిలో ముందు వరుసలోనే కూర్చుని కునికేది. చదువు లేదు. మా వాడలో ఏ ఆడపిల్ల పెళ్లయినా అప్పగింతల పాట ఆమే కట్టాలి. ఒకరికి కట్టింది మరొకరికి పాడేది కాదు. మా చిన్నమ్మ తన బిడ్డ పెళ్లికి, "పోయినేడు మరియకు పాడినవు గదా, గదే పాడు, మస్తుండె" అని అడిగింది.

"మరియ ఏడ్పు మరియది. గది నీ బిడ్డెందుకు ఏడ్వాలె?" అంది సుగుణమ్మ. మా చిన్నమ్మ నోరు మూయించడం మామూలు సంగతి కాదు, ఆ రోజు మూసుకుంది.

నా పెళ్లికి నాలుగు రోజుల ముందు నన్ను తన పందిరి కింద కూర్చోబెట్టుకుంది. పాట ఊసే ఎత్తలేదు. కందులు చెరుగుతూ అవీ ఇవీ అడిగింది. ఎండ, దుమ్ము, చాట చప్పుడు. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి.

"చిన్నప్పుడు మీయమ్మ కొడ్తదని యాడ దాసుకుంటుంటివే రూతూ?"

"కందిచేన్ల. ఒకపారి ఆడనే నిద్రవోయిన."

"ఎవలు లేపిండ్రు?"

"నాయిన."

"కొట్టిండా?"

"లేదు. ఎత్తుకున్నడు."

ఆమె చెరగడం ఆపింది. నాన్న పోయి అప్పటికి రెండేళ్లు.

కందిచేలో నిద్రపోయిన రూతును ఈసారి ఎవరు లేపుతారు, ఎవరు ఎత్తుకుంటారు? అప్పగింతల నాడు ఆమె పాడింది అంతే. అమ్మ నిలబడలేకపోయింది. మగవాళ్లు తువ్వాళ్లు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆటో కదిలే ముందు సుగుణమ్మ తల లోపలికి పెట్టి, ఆఖరి చరణం నా చెవిలో పాడింది. ఏ పెళ్లికూతురికైనా అదే పద్ధతి. ఆ చరణం ఇంకొకరు విన్నది లేదు.

మిగతా పాట నా చెల్లెలు ఫోన్లో రికార్డు చేసింది. మా మరిది ఊరేగింపులకు డీజే నడుపుతాడు. గొప్ప కోసం అతనికి వినిపించాను, అడిగితే ఇచ్చాను. తప్పు నాదే. వారం తిరక్కుండా దరువు వేసి తెచ్చాడు. అందులో నా పేరు లేదు, నాన్న లేడు. చేనూ పిల్లా మాత్రం మిగిలాయి.

"గిట్ల చేసినవేంది?" అన్నాను.

"ఏడ్పు పాటకు ఎవలెగురుతరు వదినా?"

నిజం చెప్పొద్దూ, మొదటి రోజు నేనూ ఎగిరాను. తరువాత మనూర్‌లో అదే పాట, ఖేడ్‌లో అదే పాట. విని విని ఒకరోజు నాకే తెలిసివచ్చింది, అది వింటే నాకు నాన్న గుర్తుకు రావడం లేదు. వెంటనే ఊరికి పోయాను.

సుగుణమ్మ మంచం పట్టి ఉంది. "పెద్దమ్మా, నీ పాట ఖరాబు చేసిన" అని ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"విన్ననే. చప్పుడైతే మస్తున్నది. లోపట ఎవ్వలు లేరు."

"నాకింకోటి కట్టవా?"

"ఇంకో పెండ్లి చేసుకుంటవా ఏంది?" అని నవ్వింది. దగ్గు ఆగాక అడిగింది, "నీ చెవుల చెప్పింది ఉన్నదా?"

"ఉన్నది."

"ఇగ పరేషాన్ ఎందుకే? గది ఎవ్వలికియ్యకు."

ఆ ఎండాకాలమే ఆమె పోయింది. సమాధి దగ్గర చర్చి పుస్తకంలోని పాటలే పాడాము. వాడలో అందరికీ పాట కట్టిన మనిషికి ఒక పాట కట్టడం మాలో ఒక్కరికీ రాలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

నిన్న ఊరేగింపు మలుపు తిరిగాక గ్లాసులు కుదురుకున్నాయి. డీజేలో ఆ పాట ఎక్కడ తెగుతుందో నాకు తెలుసు. అక్కడి నుంచి నా చెవిలో మిగిలిన ఆఖరి చరణం లోలోపల అందుకున్నాను. అందులో కందిచేను లేదు. మా నాన్న భుజం ఉంది. చాట పక్కన పెట్టి కడుపారా ఏడ్చాను.