బ్రేకుకు నూనె పోసిన సేటు

మొన్న పొద్దున భివండి నార్పోలిలో మా గల్లీ మలుపు దగ్గర పాలాయన సైకిలు బ్రేకు కీచుమంది. పళ్ళు జివ్వుమనే ఆ చప్పుడుకు ఎదురింటావిడ చెవులు మూసుకుంది. నేను మాత్రం చాయ్ గ్లాసు పట్టుకుని ఒక్కడినే నవ్వుకుంటూ నిలబడ్డాను. "ఏందయా, పొద్దుపొద్దుగాల గా నవ్వు?" అని మా ఆవిడ కమల వంటింట్లోంచి అడిగింది. "భూమయ్య సేటు యాదికొచ్చిండు" అన్నాను. ఆమె కూడా నవ్వింది. ఆయన పేరు వింటే మా గల్లీలో ఎవరికైనా ముందు నవ్వే వస్తుంది. ఆయన లేడన్న సంగతి ఆ తర్వాత గుర్తొస్తుంది.

ఎరగనివాళ్ళ కోసం చెబుతాను. భూమయ్య సేటు సిరిసిల్ల దిక్కు పల్లె నుంచి కుర్రతనంలో భివండికి వచ్చాడు. ఎవరివో సాంచెలు నడిపి, నడివయసులో సొంత సాంచెలు పెట్టుకున్నాడు. పవర్‌లూమును మావాళ్ళు సాంచె అంటారు. నేను ఆయన కార్ఖానాలో మెహతాజీని, అంటే లెక్కలు రాసేవాణ్ణి. దీపావళికి సాంచెలు ఆగితే మిగతా సేట్లు తీర్థాలకో సొంతూళ్ళకో వెళ్ళేవారు. ఈయన అరవై దగ్గర పడుతుండగా ఒక గేర్ల సైకిలు కొని, సెలవులు రాగానే సహ్యాద్రి కొండల్లోకి వెళ్ళడం మొదలుపెట్టాడు. "కారు కొనే వయసుల సైకిల్ గొన్నవేంది సేటూ?" అని ధామన్కర్ నాకా చౌరస్తాలో ఆటోవాళ్ళు ఆటపట్టించేవారు. "కారుల పోతె గుట్ట ఎక్కేది కారు. నాకేం ఒరిగింది?" అనేవాడు ఈయన. నిక్కరు తొడుక్కుని, నెత్తిన హెల్మెట్ పెట్టుకుని, నుదుటి మీది బొట్టు మాత్రం చెరగనివ్వకుండా బయలుదేరేవాడు.

నేను పని మానేసిన ఏడాదే నా గుండెలో స్టెంటు వేశారు. కొన్ని నెలల తర్వాత డాక్టరు, "ఇక మీరు రోగి కాదు, మెల్లగా అలవాటు చేసుకుంటే సైకిలు కూడా తొక్కవచ్చు" అన్నాడు. ఆ మాట కమల నమ్మింది, పిల్లలు నమ్మారు, నేను నమ్మలేదు. మెట్లెక్కితే ఆగేవాణ్ణి. ఎవరైనా గట్టిగా నవ్వించినా భయపడేవాణ్ణి. కుడిచేతి వేళ్ళు ఎప్పుడూ ఎడమ మణికట్టు మీదే ఉండేవి. చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు నాది. ఆ రోజుల్లో అందులో నాడి, మాత్ర, నిద్ర తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఒక సాయంత్రం సేటు వచ్చి, బల్ల మీద తెరిచి ఉన్న పేజీ చూశాడు.

"ఇది డైరీయా, దవాఖాన చిట్టీయా?" అన్నాడు. నా వేళ్ళ వంక చూసి మణికట్టు మీది నుంచి వాటిని లాగేశాడు. "ఇగో మెహతా, ఇన్నేండ్లు నా కార్ఖానల ఉన్నవు. నడిచే సాంచె మీద ఎవడన్న చెయ్యి వెడ్తడా? ఆగినదాని కాడికి పోతం. నడిచేదాన్ని నడువనిస్తం. గంతే."

మర్నాటి నుంచి నన్ను వదల్లేదు. తన పాత సైకిలు నాకిచ్చి మొదట టెంఘర్ దాకా, తర్వాత పడ్ఘా దాకా తొక్కించాడు. దీపావళి దగ్గర పడేసరికి మాల్షేజ్ ఘాట్ కొండదారి ఎక్కుదామన్నాడు. నేను డాక్టరు వద్దంటాడేమోనని ఆశగా వెళ్ళాను. ఆయన ఆగి ఆగి తొక్కమని చెప్పి పంపించాడు. కమల గుమ్మంలో నిలబడి, "సేటూ, ఈయనను ఎట్ల తీస్కపోతున్నవో గట్లనే తేవాలె" అంది. "గట్లనే ఎందుకు తెస్త చెల్లె? జర మంచిగ చేసి తెస్త" అన్నాడాయన.

నేను ఎక్కడ ఎంతసేపు ఆగాలో ముందే రాసి పెట్టుకున్నాను. "లగ్నపత్రికా?" అని సేటు ఆ కాగితం మడిచి నా జేబులోనే పెట్టాడు. కల్యాణ్ వంతెన దాటి, ముర్బాడ్ దారి పట్టాక గాలి మారింది. నూలు ధూళి లేని గాలి. రెండు పక్కలా వరి కోతలు సాగుతున్నాయి. పచ్చి గడ్డి వాసన ముక్కు నిండా. దూరంగా కొండలు మొదట పొగలా, తర్వాత నీలంగా, తర్వాత నిజంగా కనిపించాయి. రోడ్డు లేస్తూ పడుతూ పోతోంది. లేచినప్పుడల్లా నా వేళ్ళు మణికట్టు వెతికేవి. వెనక నుంచి "సాంచె!" అని కేక వచ్చేది. నాకంటే రెట్టింపు బలం ఉన్న మనిషి, దారంతా నా వెనకే తొక్కాడు. దిగుడు వచ్చినప్పుడల్లా ఆయన బ్రేకు కీచుమనేది. అప్పుడు మాత్రం ఆయన ముఖం పంటినొప్పి వచ్చినట్టు అయ్యేది.

ఇక్కడ మావాళ్ళ అలవాటొకటి చెప్పాలి. సాంచెల మధ్య బతికినవాళ్ళు ఏ ఇనుము కీచుమన్నా ఓర్చుకోలేరు. కీచుమందంటే ఎండిపోయింది, ఎండిపోయిందంటే అరుగుతోంది అని లెక్క. చెయ్యి తనంతట తానే నూనె డబ్బా మీదికి పోతుంది. సేటు పెళ్ళికి వెళ్ళినా అక్కడి తలుపు బందులకు నూనె వేసి వచ్చే రకం. సైకిలు సంచీలో కూడా ఒక నూనె సీసా ఉండేది.

ఆ రాత్రి ఘాట్ కింద టోకావడేలో ఒక మరాఠీ ఆవిడ నడిపే భోజనశాల వెనక గదిలో పడుకున్నాం. తెల్లవారి బయలుదేరాక కొంతదూరంలో మంచి దిగుడు ఒకటి వచ్చింది. అంతసేపూ వెనక ఉన్న సేటు సర్రున నన్ను దాటిపోయాడు. "ఏం హుషారు!" అనుకున్నాను. అంతలో, "మెహతా! ఆగుతలేదే! ఆగుతనే లేదు!" అని అరుపు. కింద మలుపు దగ్గర సైకిలు రోడ్డు దిగి, గట్టు దాటి, కోసి పేర్చిన వరి మోపుల్లోకి వెళ్ళిపోయింది. మోపుల పైన రెండు కాళ్ళు మాత్రం కనిపించాయి.

సైకిలు ఎక్కడ పడేశానో గుర్తులేదు. దిగుడంతా పరుగెత్తాను. గట్టు దూకాను. మోపులు లాగి అవతల పారేశాను. కింద సేటు వెల్లకిలా పడి, ఒంటి నిండా గడ్డితో, ఆకాశం వంక చూస్తూ నవ్వుతున్నాడు.

"ఏమైంది సేటూ? ఏడ తాకింది?"

"మోకాలు జర చెక్కింది. బ్రేకు ఎందుకు ఫేలయిందో సమజయితలేదు. పొద్దుగాలనే గదనే మంచిగ నూనె వోసిన!"

"బ్రేకుకా?"

"మస్తు కీచుమన్నది మరి!"

నాకు కోపం, నవ్వు ఒకేసారి వచ్చాయి. "నడిచేదాన్ని ముట్టద్దని నాకు చెప్పి, నువ్వు బ్రేకును ముట్టినవా? ఆపేదానికి నూనె వోస్తరా ఎవలన్న?" అన్నాను. ఆయనను అప్పటిదాకా 'మీరు' అనేవాణ్ణి. నువ్వు అనడం అదే మొదలు. ఆయన ఆ సంగతి పట్టించుకోలేదు. నన్నే తేరిపార చూస్తూ, "గా మీదికెల్లి ఉరికొచ్చినవా?" అన్నాడు.

వెనక్కి తిరిగి చూశాను. దిగుడు చాలా పొడుగుంది. మెట్లు ఎక్కితేనే ఆగే మనిషిని, అంత దూరం ఉరికి, గట్టు దూకి, మోపులు ఎత్తి పారేసి, నిలబడి ఆయనను తిడుతున్నాను. రొప్పుతున్నాను, నిజమే. పొలంలో మనుషులు పని ఆపి చూస్తున్నారు. నాకు నాడి చూసుకోవాలనిపించలేదు.

సైకిళ్ళు నడిపించుకుంటూ భోజనశాలకు తిరిగి వచ్చాం. ఆవిడ సంగతి విని నడుం మీద చెయ్యి పెట్టుకుని, "అహో, బ్రేకలా తేల్ కోణ్ లావతం?" అని, బ్రేకుకు నూనె ఎవరు రాస్తారంటూ ఊరంతా వినపడేలా నవ్వింది. సబ్బునీళ్ళు, పొయ్యి బూడిద తెచ్చి ఇచ్చింది. రిమ్ములు అంట్లు తోమినట్టు తోమాను. రబ్బర్లు ఊడదీసి, నూనె తాగిన పైపొర పోయేదాకా బండ మీద అరగదీశాను. బిగించి తిప్పి పట్టుకుంటే బ్రేకు మళ్ళీ కీచుమంది. సేటు చెవులు మూసుకున్నాడు గాని నూనె సీసా ముట్టలేదు.

ఆయన మోకాలు వాచింది. పసుపు పట్టించుకుని బల్ల మీద కూర్చున్నాడు. "టెంపో దొరుకుతది. వాపస్ పోదమా?" అన్నాడు. ఇన్నాళ్ళూ నేను ఎదురుచూసింది ఆ మాట కోసమే. నా మీద మచ్చ పడకుండా ఇంటికి చేరవచ్చు. ఎదురుగా ఘాట్ రోడ్డు మబ్బులోకి ఎక్కిపోతోంది. "నువ్వు కూసో సేటూ. నేను మీద దాక పోయొస్త" అన్నాను. ఆయన వాచిన మోకాలు ఒకసారి ఒత్తి చూసుకున్నాడు. తర్వాత లేచి, "ఒక్కనివే ఎట్ల పోతవ్? కుంటుకుంట వస్త నడువు" అన్నాడు.

ఆ ఎక్కుడులో నేనే ముందు. ఆగి ఆగి తొక్కాను. నీళ్ళు తాగాను. కొండ చెక్కి వేసిన రోడ్డు పక్కన వర్షాకాలపు జలపాతాలు సన్నబడి దారాల్లా జారుతున్నాయి. ఒకదాని కింద తల పెట్టాను. బండల మీద పసుపు పచ్చని చిన్న పూలు. ఒకచోట సొరంగం, దాంట్లోంచి బయటికి రాగానే మబ్బు. ఇక ఎక్కడానికేమీ లేదని కాళ్ళకు తెలిసింది గాని, నాకు నమ్మబుద్ధి కాలేదు. సైకిలు గోడకు ఆనించి కూర్చున్నాను. చాలాసేపటికి మబ్బులోంచి సేటు సైకిలు తోసుకుంటూ, కుంటుకుంటూ వచ్చాడు. నేను ఒకరి కోసం ఎదురుచూడటం, అది కూడా ఒక కొండ మీద! ఆయన రొప్పుతూ నా పక్కన కూలబడి, "ఏందిరా మెహతా, నువ్వు సేటువైనవ్, నేను పేషంటునైన!" అన్నాడు. ఇద్దరం నవ్వి నవ్వి దగ్గాం. గట్టిగా నవ్వితే ఏమవుతుందోనన్న మాట గుర్తుకు రాలేదు.

ఆ తర్వాత చాలా దీపావళులు కలిసి తిరిగాం. నిరుడు ఆయన నిద్రలోనే పోయాడు. ఇంటినిండా మనుషులు ఆయన కథలు చెప్పుకుని, ఏడుస్తూ నవ్వారు.

ఆ ఘాట్ దిగిన రోజు సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. సేటు టెంపోలో వచ్చాడు, నేను సైకిలు మీద. గాలి చొక్కాను ఉబ్బించింది, లోయ ఒక పక్క తెరుచుకుంది. ఎన్నడూ గొంతెత్తి మాట్లాడని నా నోట్లోంచి ఒక పెద్ద కేక వచ్చింది. అందులో మాటంటూ ఏమీ లేదు. టెంపోలోంచి సేటు దానికి జవాబు కేక వేశాడు. ఇప్పుడు కూడా పొద్దున్నే సైకిలు మీద వెళ్ళి, ఫ్లైఓవర్ దిగేటప్పుడు ఒక కేక వేస్తాను. మొదట్లో వెనకా ముందూ ఎవరూ లేరని చూసుకునేవాణ్ణి. ఈమధ్య చూసుకోవడం మానేశాను.