తేనెబండ మీద తాడు పట్టిన రాత్రి

నా పిల్లల మీద ఒట్టు. ఇందులో ఒక్క మాట కల్పించింది లేదు. కావాలంటే మా బావను అడగండి. కాకపోతే ఆయనకు సగమే తెలుసు... మిగతా సగం నా దగ్గరే ఉంది.

జైనూరు అవతల అడవిలో తేనెబండ అని ఉంది. గోడలాగా నిట్టనిలువు గుట్ట. ఇప్పుడంటే పేరు విని పట్నం పిల్లలు వచ్చి ఎక్కుతున్నారు. మా వాళ్లు తాతల నాటి నుంచే తేనె కోసం ఆ బండ మీద దిగుతున్నారు. దిగేవాడి నడుముకు తాడు. పైన ఆ తాడు పట్టాల్సింది వాడి బామ్మర్ది. అక్క బొట్టు చెరగనివ్వడని నమ్మకం.

మా బావ మల్లేశం దిగేవాడు, నేను పట్టేవాణ్ణి. పట్నం పిల్లలు ఆయన వీడియోలు తీసేవాళ్లు. ఆయన చుట్టూ కూర్చుని అన్నం తినేవాళ్లు. అరచేతులు ఒలిచిపోయేది నావి. నా పేరు ఒక్కరూ అడగలేదు. నిజం చెప్పాలంటే... లోపల మండేది.

ఆ రోజు అమావాస్య. వెలుతురుంటే తేనెటీగలు మీద పడతాయి, అందుకే చీకట్లో దిగుతాం. బావ తాడు కొసను చెట్టుకు కట్టాడు. పట్నం పిల్లలు నేర్పారట.

"గా చెట్టేమన్న నీ బామ్మర్దా బావా?" అన్నాను.

"నీకు కోపమొస్తె నా పానం పోతదిరా. సరే, ఇప్పెయ్" అని నవ్వాడు.

ముడి నేనే విప్పాను. తాడును ఒక రాతికి చుట్టు తిప్పి, కాళ్లు తన్నిపెట్టి కూర్చున్నాను. బావ పొగకట్టతో దిగాడు. కింద ఈగల రొద... సిరిసిల్లలో మగ్గాల షెడ్డు పక్కన నిలబడ్డట్టు.

అప్పుడొచ్చింది ఆ ఆలోచన. ఈయన లేకపోతే ఆ వీడియోల్లో నేనుందును కదా అని. ఎంతసేపు... రెప్పపాటు. చేతులు వదులయ్యాయి. నేను వదిలానో, చెమటకు జారిందో... తాడు సర్రున పోయింది. మూర... రెండు మూరలు... ఆపబోతే అరచేతులు కాలాయి. ఆగలేదు.

ఆగింది.

నేను ఆపలేదు. నా వెనక నుంచి ఆగింది. వీపు వెనక తాడు బిగిసి నిలబడింది. ఎవరో బరువు మోస్తున్న ఊపిరి. హుఁ... హుఁ... నా మెడ మీద వెచ్చగా. కాలిన మైనం వాసన. తిరిగి చూద్దామంటే మెడ తిరగలేదు. లాగమని కింద నుంచి బావ తాడును రెండుసార్లు గుంజాడు. లాగాను. నేనొక పట్టు లాగితే... వెనక ఇంకో పట్టు.

బావ పైకొచ్చాక టార్చి వేశాను. ఎవరూ లేరు. తాడు కొస మాత్రం నేల మీద చుట్టలు చుట్టలుగా పేర్చి ఉంది. నేను పేర్చలేదు.

"జారినప్పుడు అయిపోయిందనుకున్న. నీతోని ఇంకెవరు పట్టిండ్రురా? ఇద్దరు గుంజినట్టయింది" అన్నాడు బావ, రొప్పుతూ.

ఎవరూ లేరన్నాను. ఎట్లా జారిందని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. మా అక్కకూ చెప్పలేదు.

అది మా తాతల్లో ఎవరో, అడవో, నా భయమో... ఇప్పటికీ తెలియదు. బావ చెప్పాక ఊళ్లో మాత్రం అందరూ తాడు పట్టిన ఆ రెండోవాడి గురించే మాట్లాడుతున్నారు. పట్నం పిల్లలు నా దగ్గరికి కూడా వచ్చారు... అతను ఎక్కడ నిలబడ్డాడో చూపించమని.

చెట్టుకు కడతానని బావ మళ్లీ అనలేదు. దిగే ముందు నా భుజం మీదుగా వెనక్కి చూసి, కళ్లు మూసుకుని దండం పెడతాడు. ఎవరికి పెడుతున్నాడో ఆయనకూ తెలియదు.

నాకైతే కాదు.