ఉపవాస ప్రార్థనకు పులిహోర

ప్రార్థన అనగానే మావాళ్ళకి ముందు గుర్తొచ్చేది గిన్నె. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నలుగురూ ఒకచోట కూర్చుని దేవుణ్ణి తలుచుకుంటారని చెబితే, "అయితే వంటెవరిది?" అని అడిగే జాతి మాది. ఆ శనివారం ఇక్కడ ఐర్లండ్‌లో, ఆడమ్స్‌టౌన్‌లోని మా ఇంట్లో నేను చేసిన నిర్వాకానికి ఇదొక్కటే సంజాయిషీ.

మా పక్కింటావిడది ఆఫ్రికా. ఏ దేశమో రాయను, వాళ్ళ అక్క ఇంకా అక్కడే ఉంది. ఈవిడ ఇక్కడ ఒక వృద్ధాశ్రమంలో నర్సు. మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క గోడ. నేను తాలింపు వేస్తే ఆవిడ తుమ్ముతుంది. ఆవిడ పాట ఎత్తుకుంటే మా ఆయన ఆఫీసు మీటింగులో గబగబా మ్యూట్ నొక్కుకుంటారు. ఆ వారం గోడ అవతల పాట లేదు.

గురువారం చెత్తడబ్బా బయట పెడుతుంటే కనిపించింది. మొహం పీక్కుపోయి ఉంది. ఏమైందని అడిగితే అక్కడే డబ్బా పట్టుకుని నిలబడి చెప్పింది. వాళ్ళ దేశంలో ఎన్నికలు జరిగాయి. వాళ్ళ అక్క చర్చి బడిలో టీచరు. ఓట్ల లెక్కింపు దగ్గర దొంగతనం జరక్కుండా చూడమని చర్చి ఊరూరా తమ మనుషుల్ని కూర్చోబెట్టింది, ఒకచోట ఈ అక్కని కూర్చోబెట్టింది. లెక్కింపు అయిన మర్నాడు దేశమంతా ఫోన్లు, ఇంటర్నెట్ ఆపేశారు. అప్పటినుంచి అక్క సంగతి తెలీదు.

నా నోటికి తాళం లేదు. "టీచరమ్మ పాఠాలు చెప్పుకోక ఈ ఓట్ల గోల ఎందుకు? అసలు చర్చి వాళ్ళకి రాజకీయాలేంటి?" అనేశాను.

ఆవిడకి కోపం రాలేదు. "మా ఊళ్ళో బడి చర్చిది. ఆసుపత్రి చర్చిది. కరువొచ్చినప్పుడు పిండి పంచింది చర్చి. ప్రభుత్వం మా ఊరికి ఎలక్షన్లకే వస్తుంది. మరి మేం ఎవరి మాట నమ్మాలో నువ్వే చెప్పు" అంది.

వాళ్ళ ఊరి పద్ధతి కూడా అప్పుడే చెప్పింది. లెక్కింపు దగ్గర కూర్చున్న మనిషి మర్నాడు పొద్దున్నే చర్చిలో లేచి నిలబడి, ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో పైకి చదవాలి. ఊరంతా వింటుంది. ఆ తర్వాత రాజధానిలో ఎవడైనా అంకెలు మార్చినా, విన్న చెవుల్ని మార్చలేడు. సరిగ్గా అక్క చదవాల్సిన పొద్దున్నే ఫోన్లు ఆగిపోయాయి. అసలు చదవనిచ్చారా? చదివాక ఏం చేశారు? ఈవిడకి అన్నం సయించనిది అందుకే.

"మీ చర్చి వాళ్ళందరూ ఇంత ధైర్యవంతులా?" అని అడిగాను.

"ఎక్కడ! మా పట్నంలో పెద్ద పాస్టరు ఒకాయన ప్రెసిడెంటు తల మీద చెయ్యిపెట్టి దీవించాడు. వారం తిరక్కుండా ఆయన వాకిట్లో కొత్త జీపు!" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూనే ఆవిడ కళ్ళు తుడుచుకుంది. అక్క క్యాథలిక్. ఈవిడ ఇక్కడికొచ్చాక డప్పులు వాయించి పాడే చర్చిలో చేరింది. ఆ జీపు పాస్టరుదీ అలాంటి చర్చే. సంగతి తెలిసి అక్క "మీ డప్పుల చర్చిలన్నీ అంతేనే" అందట. ఈవిడ ఫోన్ పెట్టేసిందట. అదే ఆఖరి మాట.

నేను పుట్టింది గుంటూరు వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో. దిండు కింద వెంకన్న పటం పెట్టుకున్న మా అమ్మ, పురుడు పోసిన నర్సమ్మ ప్రార్థన చేస్తుంటే తను కూడా ఆమెన్ అందట. ఆ సంగతి ఆవిడకి చెప్పాను. "అయితే శనివారం మా చర్చికి రా. అందరం మా దేశం కోసం పొద్దంతా ప్రార్థన చేస్తున్నాం" అంది.

శుక్రవారమే చింతపండు నానబెట్టాను. శనివారం పొద్దున్న పెద్ద గిన్నె నిండా పులిహోర కలుపుతుంటే మా ఆయన వచ్చి నిలబడ్డారు.

"చర్చికి పులిహోరేందే?"

"మరి ఉత్త చేతుల్తో పొమ్మంటారా? పొద్దంతా ఉంటారంట పాపం."

"ప్రసాదం అనుకుంటారేమో చూసుకో."

"ఆకలేసినోళ్ళకి ప్రసాదమైతే ఏంది, పలావైతే ఏంది? ఆ గిన్నె కార్లో పెట్టండి ముందు."

చర్చి మాకు దగ్గర్లోనే, క్లాండాల్కిన్‌లో ఒక ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఉంది. ఒక పక్క టైర్ల షాపు, ఇంకో పక్క టైల్స్ గోడౌను, మధ్యలో రేకుల షెడ్డు. పాస్టరు గారు పెద్దాయన, వారమంతా టాక్సీ నడుపుతారు. గుమ్మం దగ్గరే ఎదురొచ్చి, నా చేతుల్లోని గిన్నె మీద మూత తీసి, గట్టిగా ఒకసారి వాసన పీల్చి, మళ్ళీ మూత పెట్టేశారు.

"అమ్మా, ఇవాళ మాకు ఉపవాసం. కబురు వచ్చేదాకా నీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదని అనుకున్నాం" అన్నారు.

అప్పుడు నా మొహం చూడాలి! ఉపవాసం అన్న మాట పక్కింటావిడ నాకు చెప్పలేదు. ప్రార్థన అంటే ఉపవాసం ఉంటుందని ఆవిడకి, ప్రార్థన అంటే ప్రసాదం ఉంటుందని నాకు, చెప్పక్కర్లేనంత తెలుసు మరి. గిన్నెని వెనక గదిలో పెట్టి తలుపేశారు. తలుపు ఇంగువని ఆపుతుందా? హాలంతా ఘుమఘుమలాడింది. పిల్లలు ముక్కులెగరేస్తున్నారు. తపస్సు చెడగొట్టడానికి మేనకే రానక్కర్లేదు, నా పులిహోర చాలు. సిగ్గుతో చచ్చి, నేను కూడా ఏమీ తినకుండా ఆవిడ పక్కన కూర్చున్నాను. ఏకాదశులు మాకూ ఉన్నాయి.

ఒక్కొక్కరూ లేచి తమ ఊరి కోసం ప్రార్థించారు. ఒకాయన రోడ్ల మీద తుపాకులు పట్టుకున్న కుర్రాళ్ళ కోసం, వాళ్ళ తల్లుల కోసం ప్రార్థించాడు. ఒక ముసలావిడ మాత్రం, తప్పుడు లెక్క రాసే చేతికి వణుకు పుట్టించు తండ్రీ అంది. ఆ ప్రార్థనకి నేనే అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాను. పక్కింటావిడ ఒళ్ళో ఫోన్ పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం గాలి కోసం బయటికి వస్తే టైర్ల షాపాయన ఎదురయ్యాడు. ఐరిష్ మనిషి, పార్కింగ్ దగ్గర ఈ చర్చి వాళ్ళతో ఆయనకి ఎప్పుడూ పేచీయే. ఫోన్లు ఆగిన సంగతి ఆయనకీ తెలిసినట్టుంది, "ఏమైనా తెలిసిందా?" అని అడిగాడు. లేదన్నాను. "మా అమ్మకి ఓటెవరికెయ్యాలో కూడా ఫాదరే చెప్పేవాడు. మాకా పీడ వదిలింది. వీళ్ళకెందుకండీ ఇంకా?" అన్నాడు. గురువారం నేనడిగిన ప్రశ్నే. కాకపోతే ఇప్పుడు జవాబు నా దగ్గరుంది. "వీళ్ళ చర్చి ఎవరికెయ్యాలో చెప్పట్లేదండీ, ఎన్ని పడ్డాయో చెబుతోంది" అన్నాను. ఆయన "గ్రాండ్" అన్నాడు, అంటే ఇక్కడివాళ్ళ మాటలో సరే, బాగుందని. తర్వాత చూస్తే, కార్లు పెట్టుకోడానికి జాగా ఇస్తూ టైర్ల దొంతర్లు పక్కకి జరుపుతున్నాడు.

నేను లోపలికొచ్చి కూర్చున్నానో లేదో ఆవిడ ఒళ్ళో ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఆవిడ ఎత్తకుండా ఫోన్‌ని పాస్టరు గారి వైపు చాపింది. ఆయన అందుకుని స్పీకర్ నొక్కారు. ఆడగొంతు, వాళ్ళ భాషలో. హాలు మొత్తం ఒక్క పెట్టున అరిచింది, పక్కింటావిడ కుర్చీలోంచి కిందకి జారిపోయింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయిపోయింది, అక్క పోయింది అనుకున్నాను.

చూద్దును కదా, కింద కూర్చున్న మనిషి నవ్వుతోంది! పక్కనున్నామె నన్ను కావిలించుకుని చెప్పింది. ఫోన్ చేసింది ఒక నన్. నది దాటి పక్క దేశంలోకి వచ్చి, అక్కడ సిమ్ము కొని, అందరి ఇళ్ళకీ కబుర్లు చెబుతోంది. అక్క బతికే ఉంది. ఆ నన్‌లుండే కాన్వెంటులో క్షేమంగా ఉంది. హమ్మయ్య!

అక్క అంకెలు చదివిందట కూడా. బయట పార్టీ కుర్రాళ్ళు కేకలేస్తున్నారు, రాత్రంతా లెక్కింపులో వాదించి వాదించి అక్క గొంతు పోయింది. అయినా లేచింది. అక్క ఒక్కో అంకె గొణిగితే, పాటలు పాడే ఆడవాళ్ళందరూ దాన్ని అందుకుని ఎలుగెత్తి పాడారట. డప్పు కొట్టి మరీ పాడారట.

"డప్పా?" అని పక్కింటావిడ ఫోన్లోకి అరిచింది. తర్వాత ఇంకేదో అడిగింది. హాలంతా ఘొల్లున నవ్వింది.

"ఏమడిగింది?" అన్నాను పక్కనామెని.

"అక్క తిన్నదా అని."

"తిన్నదా మరి?"

"రెండు గిన్నెల చిక్కుడు గింజలు తిని నిద్రపోతోందట."

పాస్టరు గారు వెనక గది వైపు తిరిగి, "ఆ పసుపన్నం ఎక్కడమ్మా?" అన్నారు. తర్వాత నాకు గరిటె అందిందే గాని కూర్చునే వీలు దొరకలేదు. కాగితం కప్పుల్లో పెట్టి పంచాను. టైర్ల షాపాయనకి కూడా ఒక కప్పు వెళ్ళింది. పక్కింటావిడ ఎండుమిరపకాయతో సహా నమిలేసి, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే ఇంకో కప్పు కోసం చెయ్యి చాచింది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన ఖాళీ గిన్నె చూసి ఆశ్చర్యపోయారు. "అంతా తిన్నారే! ఇంతకీ ఎవరు గెలిచారంట?"

గుమ్మంలోనే ఆగిపోయాను. "అడగలేదండీ" అన్నాను. "వాళ్ళక్క కడుపు నిండా తిన్నదట."

గోడ అవతల పాట మొదలైంది.