తువ్వాలు కింద నాలుగు వేళ్ళు

అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. బస్సులో కండక్టరు చిల్లర ఇస్తే రెండుసార్లు లెక్క చూసుకుంటాను. పాలమనిషి వస్తే కొలత గ్లాసు అడుగు సొట్ట పడిందేమోనని తడిమి చూసేవాణ్ణి. బందరు హైస్కూల్లో లెక్కల మాస్టారిగా పనిచేసిన రోజుల్లో, ఎవడైనా కష్టమైన లెక్క సరిగ్గా చేస్తే ముందు వాడి పక్కవాడి నోటుపుస్తకం అందుకునేవాణ్ణి. దీన్ని నేను జాగ్రత్త అనేవాణ్ణి. మా ఆవిడ దీనికి వేరే పేర్లు పెట్టింది. అవి ఇక్కడ రాయను.

మా అక్కది దివిసీమ. ఉప్పెనలో బావ పోయాడు. అక్కా, చిన్నపిల్ల అయిన ఆమె కూతురూ చర్చి డాబా ఎక్కి బతికారు. నీళ్ళు తీశాక, ఇల్లున్న చోటే తాటాకు పాక వేసుకుంది. సంస్థలవాళ్ళు కట్టించే ఇళ్ళ జాబితాలో ఆమె పేరు రాలేదు. ఎందుకు రాలేదో నాకు కొన్ని అనుమానాలున్నాయి కానీ, ఇప్పుడు తవ్వుకుని లాభం లేదు.

నేను ఎప్పుడు వెళ్ళినా అక్క ఒకటే మాట అనేది. "తమ్ముడూ, నాకు పొలమొద్దు, బంగారమొద్దు. రెండు గదులు, ఇటుక గోడలు, పైన స్లాబు. అంతే. కాస్త గాలేస్తే చాలు, పిల్ల నా కొంగు పట్టుకుని చర్చికి పోదామంటుంది. మళ్ళీ తుఫాను నెలలొచ్చేలోగా ఈ పాకలోంచి బయటపడాలి."

ఉప్పెన తర్వాత వచ్చిన వేసవిలో, సర్కారు ఇచ్చిన సాయంలో మిగిలిందీ, చేతి గాజులు అమ్మగా వచ్చిందీ మూటగట్టి నాకిచ్చింది. ఇంటికి అది చాలదు. మినుములు కొందామని సలహా ఇచ్చింది నేనే. మా వైపు వరి కోశాక ఆ పొలాల్లోనే మినుము పండుతుంది. సరుకంతా ఒక్కసారి మార్కెట్టుకి వచ్చినప్పుడు ధర పడిపోతుంది. వానలు మొదలయ్యాక మద్రాసు ఇడ్లీల పుణ్యమా అని మళ్ళీ లేస్తుంది. ఎంతోమంది గుమాస్తాలూ మాస్టార్లూ నాలుగేసి బస్తాలు కొని పెట్టుకునేవాళ్ళు. అక్క డబ్బుకి నాది కొంచెం కలిపి గుడివాడలో ముప్ఫై బస్తాలు కొన్నాను.

కొనిపెట్టిన దళారీ ఒక పెద్ద వయసు సాయిబు గారు. సరుకు ఆయన గోడౌన్‌లోనే ఉంచాను. ఆయన్ని నమ్మానని కాదు. నన్ను నేను అంతకూడా నమ్మలేదు. ధర పెరిగితే ఇంకా పెరుగుతుందని ఆగడం, పడితే మళ్ళీ లేస్తుందని ఆగడం, ఇలా ఆగీ ఆగీ మునిగినవాళ్ళని స్టాఫ్ రూములో చూశాను. అందుకని ఒక కాగితం రాశాను. కొన్న ధర మీద బస్తాకి ముప్ఫై రూపాయలు పెరిగితే మొత్తం అమ్మేయాలి. పదిహేను తగ్గినా మొత్తం అమ్మేయాలి. ఈ రెండూ జరక్కపోతే దసరా సెలవులకి ముందు ఎంతకైనా అమ్మేయాలి. చివర, "నేనే వచ్చి వద్దని గొడవచేసినా వినొద్దు" అని రాసి సంతకం పెట్టాను.

సాయిబు గారు కళ్ళద్దాలు పెట్టుకుని నిదానంగా చదివారు. "కాగితం మీద మీరు చాలా నెమ్మదస్తులండీ మాస్టారూ. మనిషిగా ఎలా ఉంటారో చూడాలి," అన్నారు నవ్వుతూ. నాకు ఆ నవ్వు నచ్చలేదు.

అమ్మేదాకా గుడివాడ ఛాయలకే వెళ్ళకూడదనుకున్నాను. రెండో శనివారమే పాసింజరు ఎక్కాను. సరుకు చూసొద్దామని మాత్రమే అని మా ఆవిడతో చెప్పాను. ఆ తర్వాత ప్రతి శనివారం వెళ్ళాను. బస్తాలు ముప్ఫై ఉన్నాయో లేదో చూసేవాణ్ణి, మూతి విప్పి గుప్పెడు గింజలు తీసి పుచ్చులు వెతికేవాణ్ణి, నా బస్తాల మీద నేను పెట్టిన ఎర్ర గుర్తులు చెరిగాయేమో చూసేవాణ్ణి. సాయిబు గారు టీ తెప్పించేవారు. ఊరికే టీ ఎందుకు పోయిస్తున్నాడా అని దాని మీద కూడా ఆలోచించాను.

శ్రావణంలో ధర కదిలింది. ఒక శనివారం నేను వెళ్ళేసరికి సాయిబు గారు మిల్లు గుమాస్తాతో నిలబడి ఉన్నారు. "మాస్టారూ, ముప్ఫై దాటిందండి. పైన ఎంతో తేల్చుకుంటున్నాం," అన్నారు. ఆ మార్కెట్లో చివరి బేరం నోటితో చెయ్యరు. ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పుకుని, ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని రూపాయలు. చుట్టూ నిలబడ్డవాళ్ళకి తెలియకూడదని ఆ ఏర్పాటు. నాబోటివాడికి ఒళ్ళు మండించడానికి అంతకన్నా ఏం కావాలి? సరుకు నాది, ధర మాత్రం గుడ్డ కింద!

కళ్ళార్పకుండా చూస్తూ నిలబడ్డాను. తువ్వాలు ఒక పక్కకి జారింది. సాయిబు గారి గుప్పిట్లో గుమాస్తా వేళ్ళు నాలుగు స్పష్టంగా కనిపించాయి. ఆయన గుడ్డ సర్దుకున్నారు. ఇంకో నిమిషానికి చేతులు విడిపోయాయి. సాయిబు గారు నా వైపు తిరిగి, "ముప్ఫై రెండుకి ఇచ్చేశానండి. మీ కాగితం పని పూర్తయింది," అన్నారు.

"రెండా? నాలుగు వేళ్ళు నా కళ్ళతో చూశాను. మిగతా రెండూ ఎవరి జేబులోకి వెళ్తున్నాయండీ?" అన్నాను. మెల్లగా అనలేదు. పిల్లలు వెనక బెంచీలో అల్లరిచేస్తే అరిచే గొంతుతో అన్నాను. కాటా దగ్గరివాళ్ళు పని ఆపి చూశారు. దొంగ అన్న మాట కూడా వాడాను.

గుమాస్తా ఏదో చెప్పబోతే సాయిబు గారు చేత్తో ఆపారు. లోపలికి వెళ్ళి నా కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు. "మీరొచ్చి గొడవచేసినా అమ్మేయమని రాశారు. కానీ ఆ మాట పడ్డాక మీ సరుకు నేను అమ్మలేనండి. తీసుకెళ్ళండి," అన్నారు. బేరం రద్దయింది.

లారీ మాట్లాడి ముప్ఫై బస్తాలూ బందరు తెచ్చి, అద్దె ఇంటి ముందుగదిలో పేర్చాను. మోసం పట్టుకున్నానన్న గర్వంతో రెండురోజులు అన్నం బాగా సయించింది. మరుసటి వారం ధర ముప్ఫై ఎనిమిదికి వెళ్ళింది. చూశావా అన్నాను మా ఆవిడతో.

"మనం అనుకుంది ముప్ఫైయే కదండీ. ఇవాళే ఇక్కడే ఎవరికైనా ఇచ్చేయండి. వదిన గోడలు మొదలుపెట్టుకుంటుంది," అంది.

"నలభై అవనీ," అన్నాను. అప్పటికి కాగితం నా జేబులోనే ఉంది. దాన్ని తీసి చూడాలంటే భయమేసింది.

నలభై కాలేదు. ఎక్కడినుంచో సరుకు దిగిందన్నారు. ముప్ఫై, ఇరవై, పది. ఇది కావాలని తొక్కుతున్న ధర, మిల్లువాళ్ళంతా ఒకటై ఆడుతున్నారు అని నిర్ణయించుకుని గట్టిగా కూర్చున్నాను. కొన్న ధరకి దిగింది. దానికింద పదిహేను కూడా దాటింది. ఈలోగా ముందుగదిలో ముసురుకి తేమ పట్టి బస్తాల్లో పురుగు పడింది. మా ఆవిడ చేటలో పోసి చెరుగుతుంటే గింజల కన్నా పిండి ఎక్కువ రాలేది.

దసరా సెలవులు అయిపోయాక బందరులో ఒక చిన్న వ్యాపారికి అయినకాడికి ఇచ్చేశాను. ఆయనా తువ్వాలు తీశాడు. నాకు మళ్ళీ కోపం వచ్చి గుడివాడ సంగతి చెప్పాను. ఆయన వింతగా చూశాడు. "అమ్మేవాడు కొనేవాడి వేళ్ళు పట్టుకుంటే అది అడిగే ధరండీ. తర్వాత కొనేవాడు వీడి వేళ్ళు పట్టుకుంటాడు, ఇచ్చే ధర అది. మీ సాయిబు నాలుగు అడిగుంటాడు, అతను రెండన్నాడు. గుడ్డ జారినప్పుడు మీరు సగం బేరమే చూశారు," అన్నాడు. ఇరవై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నవాణ్ణి, సగం లెక్క చూసి జవాబు రాశాను. సిగ్గుతో అక్కడ నిలబడలేకపోయాను.

దివిసీమ బస్సెక్కాను. పులిగడ్డ దాటేదాకా నిజం చెప్పాలనే అనుకున్నాను. అక్క ఇటుకలవాడితో మాట్లాడి పెట్టుకుంది. పాక వెనక పునాదికి తాడు పట్టి రెండు గదులకి ముగ్గుతో గీతలు కూడా వేయించింది. ఆ గీతలు చూడగానే నా మాట మారిపోయింది. "దళారీ మోసం చేశాడక్కా," అన్నాను. మిగిలిన డబ్బు ఇచ్చాను. ఆమె దాన్ని కొంగున ముడివేసుకుంది. "నువ్వు దగ్గరుండి కూడా మోసపోయావంటే వాడు ఎంత ఘటికుడో," అని, నాకు అన్నం పెట్టింది. ఆ యేడు తుఫాను రాలేదు. గాలివేసిన ప్రతిసారీ పిల్లని తీసుకుని చర్చిలో పడుకుందని తర్వాత విన్నాను.

మరుసటి ఏడాది వానలు పడకముందే ఇంటి ప్రార్థనకి రమ్మని అక్క దగ్గర్నుంచి కార్డు వచ్చింది. ఏ ఇల్లో, డబ్బెక్కడిదో అర్థం కాలేదు. ఎవరో వల వేశారనే భయంతో వెళ్ళాను. ఇల్లుంది. రెండు గదులు కాదు, ఒక్కటే. ఇటుక గోడలు, పైన స్లాబు. వాకిట్లో బల్ల మీద గుడివాడ సాయిబు గారు కూర్చుని టీ తాగుతున్నారు. నన్ను చూసి, ఏమీ జరగనట్టు, పక్కకి జరిగి చోటిచ్చారు.

నేను కూర్చోలేదు. అక్కని పెరట్లోకి తీసుకెళ్ళి, "ఈయన ఇక్కడేంటి?" అన్నాను.

"నువ్విచ్చిన డబ్బుకి చీటీ పాడిన డబ్బు కలిపి ఈయన దగ్గరే మళ్ళీ మినుములు కొన్నాను. అప్పుడు ధర బాగా పడి ఉంది కదా, కొత్త పంట రాకముందే లేచింది. ముప్ఫై పెరగ్గానే అమ్మించాను. ఇంకా పెరిగింది, ఏడవలేదు," అంది.

"ఈయన నీకెలా తెలుసు?"

"నువ్వొచ్చి వెళ్ళిన వారానికే గుడివాడ వెళ్ళాను. మార్కెట్లో నలుగురిలో చొక్కా పట్టుకున్నాను, పెద్దాయన అని కూడా చూడకుండా. నా పిల్ల నెత్తిన కప్పు తినేశావని తిట్టాను. అప్పుడు ఆ మిల్లు గుమాస్తాని పిలిపించి, ఆ బేరం మళ్ళీ గుడ్డ లేకుండా చేసి చూపించాడు." అక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. "నువ్వు చెప్పింది నిజమో కాదో చూద్దామని వెళ్ళలేదురా. నిజమనే వెళ్ళాను."

అని, పాస్టరు గారు వచ్చారని ఎవరో పిలిస్తే ఇంట్లోకి వెళ్ళిపోయింది.