పెద్దమ్మ మెలిపెట్టిన చెవి

సండే స్కూల్లో పాఠం చెప్పాలంటే ఇకమీదట సర్టిఫికెట్ ఉండాల్సిందేనని మా నర్సీపట్నం చర్చిలో ప్రకటించినప్పుడు, అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది మా పెద్దమ్మే. ఆ నియమం తనకి కూడా వర్తిస్తుందని ఆవిడకి తోచలేదు. నేను పుట్టకముందు నుంచీ ఆ క్లాసు ఆవిడదే. తాతకు దగ్గులు నేర్పుతారని ఎవరనుకుంటారు?

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. ఆదివారం పొద్దున్నే హాస్టల్ నుంచి వచ్చే మన్యం పిల్లలకి చాప పరిచి కథలు చెప్పడం కోసం వారమంతా ఎదురుచూసేది. యేసు ప్రభువు చెప్పిన గొర్రె ఎక్కడ తప్పిపోయిందో గానీ, ఆవిడ గొర్రె మాత్రం ప్రతిసారీ మా ఊరి పక్కనున్న బలిఘట్టంలో ఏటి ఒడ్డున దొరికేది.

శిక్షణ ఇవ్వడానికి విశాఖపట్నం నుంచి ఒకాయన లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. పెద్దమ్మతో పాటు నేనూ చేరాను. చివరి రోజు ఒక్కొక్కరం పాఠం చెప్పి చూపించాలన్నాడు. నిజమైన పిల్లల్ని పిలిస్తే అల్లరి చేస్తారని, మమ్మల్నే పిల్లల్లా కూర్చోబెట్టాడు. ప్రైవేటు స్కూల్లో టీచర్ని, నలభై దాటినదాన్ని, నాకు అల్లరిపిల్ల వేషం ఇచ్చాడు. ఆ వేషంలో నాకు చిన్నప్పటి అనుభవం బాగానే ఉంది.

పెద్దమ్మ తప్పిపోయిన గొర్రె కథ మొదలుపెట్టింది. నేను ముందు కూర్చున్న సంఘపెద్ద గారి భార్య జడ లాగాను. గొర్రె తప్పిపోగానే పిల్లిలా అరిచాను. కాపరి కొండెక్కేసరికి నేను బెంచీ ఎక్కాను. శిక్షణ ఇచ్చే ఆయన తెగ ముచ్చటపడిపోతున్నాడు. పెద్దమ్మ కథ ఆపకుండానే నడుచుకుంటూ వచ్చి నా చెవి పట్టుకుని మెలిపెట్టింది.

"ఏటే నీ యేసాలు? కుదురుగా కూకో" అంది.

హాలంతా నవ్వింది. ఆయన ఒక్కడే నవ్వలేదు. "అమ్మగారూ, పిల్లల మీద చెయ్యి వెయ్యకూడదండి. అదే మొదటి నియమం" అన్నాడు.

"పిల్లల మీద నానెప్పుడూ సెయ్యి ఎయ్యలేదు బాబూ. ఇది నా సెల్లి కూతురు."

నియమం మంచిదే. మా స్కూల్లో దాన్ని గోడ మీద రాయించింది నేనే. అందుకే చెవి రుద్దుకుంటూ బెంచీ దిగి కూర్చున్నాను. పెద్దమ్మ పరీక్ష తప్పింది. నేను పాసయ్యాను, సహజంగా నటించినందుకు మెచ్చుకోలుతో సహా. పిల్ల చెవి మెలిపెట్టినందుకు ఆవిడ క్లాసు పోయింది, ఆ క్లాసు ఆ పిల్లకే వచ్చింది. మళ్లీ శిక్షణ ఎప్పుడని పాస్టర్ గారిని అడిగితే, పైనుంచి కబురు రావాలమ్మా అన్నారు. పైన అంటే విశాఖపట్నమేనట.

ఆదివారం పెద్దమ్మ ఎప్పటిలాగే ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. చెప్పడానికి సర్టిఫికెట్ కావాలి గానీ వినడానికి అక్కర్లేదు కదా. వెళ్లి పిల్లల వెనకాల చాప మీద కూర్చుంది. నేను కొత్త పుస్తకం తెరిచి గొర్రె కథే చెప్పాను. పుస్తకం ప్రకారం గొర్రె అరణ్యంలో దొరికింది. ఒక పిల్ల లేచి, "బలిఘట్టంలో కదా టీచర్ దొరకాలి?" అంది.

పిల్లలంతా వెనక్కి తిరిగి పెద్దమ్మ వంక చూశారు. నేనూ చూశాను. లేచి రా, వచ్చి నా చెవి పట్టుకో అని మనసులో బతిమాలుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు ఏడుపొచ్చింది.

ఆవిడ పిల్లల్ని ముందుకి తిరగమని సైగ చేసింది. తనూ వాళ్లలాగే చేతులు కట్టుకుంది.

"సెప్పండి, టీచర్ గారూ" అంది.